యార్క్‌షైర్ టీ బ్యాగులు ఎక్కడ దొరుకుతాయి?

ఉదయపు కప్పు:
సభ్యులందరికీ నమస్కారం. నేను రోజూ తాగే యార్క్‌షైర్ టీ బ్యాగులు అయిపోయాయి. మధ్యాహ్నం నుంచి ఫోనులో ఉన్న సరుకుల యాప్‌లన్నీ గాలిస్తూనే ఉన్నాను. ఒకదానిలో సరుకు లేదని ఉంది, మరొకదానిలో బొమ్మ ఉండి ధర లేదు, ఇంకొకదానిలో డబ్బు కట్టించుకుని గంట తిరగకుండానే ఆర్డరు రద్దు చేశారు. విసిగిపోయి ఇంటి దగ్గర దుకాణంలో ఉన్న వేరే కంపెనీ బ్యాగులు తెచ్చుకుంటే, ఎంతసేపు ఉంచినా రంగు దిగుతోందే తప్ప టీ తాగినట్టే లేదు. నాకు కావలసింది మామూలు డబ్బా, ప్రత్యేకమైనదేమీ కాదు. ఎక్కడ దొరుకుతుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు. గ్రీన్ టీకి మారమనే సలహాలు మాత్రం వద్దు.

కోఠి కొట్టు:
ఏ ఊరు? ఏ డబ్బా?

ఆకుపచ్చ అడుగు:
టీ బ్యాగుల కోసం ఇంత ఆరాటపడే ముందు ఆ సంచి దేనితో తయారవుతుందో ఒక్కసారి ఆలోచించాలని మనవి. కాగితంలా కనిపించే సంచుల్లో కూడా అంచులు వేడికి అతుక్కోవడానికి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ కలపడం చాలాకాలం సాగింది. ఇటీవల కొన్ని కంపెనీలు మొక్కల పిండిపదార్థం నుంచి తీసే పీఎల్‌ఏ అనే పదార్థానికి మారాయి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, 95 డిగ్రీల నీటిలో వేసిన ఒక్క ప్లాస్టిక్ టీ సంచి నుంచి దాదాపు 1,160 కోట్ల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు నీటిలోకి దిగాయి. ఇక దారాన్ని సంచికి పిన్నుతో కొట్టే పద్ధతిని మన దేశ ఆహార భద్రతా సంస్థే వద్దన్నది. ఇంట్లో వడగట్టు ఉండగా మనకు ఈ సంచులెందుకో నాకు అర్థం కాదు.

పాల టీ పక్షం:
మెక్‌గిల్ వారు పరీక్షించినవి నైలాన్, పెట్ (నీళ్ళ సీసాలు చేసే ప్లాస్టిక్) పదార్థాలతో చేసిన సంచులు. ఉదయపు కప్పు గారు అడుగుతున్నది దారం, పిన్ను రెండూ లేని కాగితపు సంచి గురించి. ఆ పరిశోధనను దీనికి అంటగట్టడం సరికాదు. వారు ఊరు చెప్పేదాకా ఆగుదాం.

ఉదయపు కప్పు:
హైదరాబాదు, మియాపూరు వైపు ఉంటున్నాను. లండన్‌లో ఉన్నన్నాళ్ళూ ఇదే తాగాను, వచ్చేటప్పుడు తెచ్చుకున్నవి ఇన్నాళ్ళు వచ్చాయి. ఖాళీ డబ్బా చూస్తే పేరు కింద ‘హార్డ్ వాటర్’ అని కూడా ఉంది. అది కంపెనీ ప్రచారానికి వేసుకున్న మాటే కదా, దానితో మనకేమి పని?

మంచినీళ్ళ మాస్టారు:
అసలు పనంతా ఆ మాటతోనే ఉందండీ. లండన్ నీరు సుద్దరాతి పొరల్లోంచి వస్తుంది కనుక అందులో కాల్షియం, బైకార్బనేట్లు ఎక్కువ, హార్డ్ వాటర్ అంటే అదే. అటువంటి నీటిలో టీ కాస్తే తేయాకులో వగరునిచ్చే పాలీఫినాల్స్ అనే పదార్థాలు కాల్షియంతోనూ గాలితోనూ కలిసి పైన సన్నని తెట్టు కడతాయి. చెంచాతో కదిపితే అది పెచ్చులుగా విడిపోయి కప్పు అంచుకు గోధుమరంగు గీతలా అంటుకుంటుంది. బైకార్బనేట్లు టీలోని సహజమైన పులుపును చంపేస్తాయి కాబట్టి రంగు ముదురుగా ఉన్నా రుచి చప్పగా ఉంటుంది. యార్క్‌షైర్ టీ తయారుచేసే, ఇంగ్లండులోని హారోగేట్‌కు చెందిన టేలర్స్ సంస్థ మొదటి నుంచీ ఏ ఊరి నీటికి తగ్గట్టు ఆ ఊరికి ఆకు కలపడంలో పేరు పడింది. అటువంటి నీటిలో కూడా రుచి నిలిచేలా ఆకును ఎంచి కలిపినదే మీ దగ్గర ఉన్న డబ్బా. మామూలుది ఎర్ర డబ్బా, అది వేరు. ఇప్పుడు చెప్పండి, మీ ఇంట్లో టీకి వాడేది మంజీరా నీళ్ళా, బోరు నీళ్ళా, లేక ఆర్‌ఓ యంత్రం నీళ్ళా?

ఉదయపు కప్పు:
ఆర్‌ఓ నీళ్ళే. ఆ డబ్బాతో ఇక్కడ కూడా టీ బాగానే ఉందండీ.

మంచినీళ్ళ మాస్టారు:
ఉండవచ్చు, కాల్షియం తక్కువైన నీటిలో ఆ ఆకు వగరుగా దిగుతుంది, వగరు ఇష్టమైనవారికి అది బాగానే ఉంటుంది. అయితే ఆర్‌ఓ యంత్రం కాల్షియాన్ని చాలావరకు తీసేస్తుంది కనుక మీకు హార్డ్ వాటర్ డబ్బా కోసం వెతకవలసిన అవసరం లేదు, ఎర్ర డబ్బా సరిపోతుంది. వెతుకులాట కొంత తేలికవుతుందని చెబుతున్నాను. అన్నట్టు మీ యంత్రం నీటి టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మోతాదు, ఎంత చూపిస్తోంది? మరీ తక్కువగా ఉంటే మెకానిక్‌తో కొద్దిగా పెంచించుకోవడం మంచిది. అసలు నగరంలో చాలామంది అవసరం లేకపోయినా ఆర్‌ఓ పెట్టించుకుని, వదిలేసే నీటిని మోరీ పాలు చేస్తున్నారు.

గోదారి గట్టు:
నీళ్ళ గొడవ అటుంచండి. ఏ కంపెనీదైనా సంచిలో నింపేది ఫ్యాక్టరీలో చివరికి మిగిలిన దుమ్మే. దానికోసం విదేశీ డబ్బాలు వెతకడమెందుకు? జెమినీయో త్రీ రోజెసో తెచ్చుకుని పాలల్లో మరిగించుకుంటే ప్రాణం లేచివస్తుంది.

పాల టీ పక్షం:
‘డస్ట్’ అనేది ఊడ్చిన చెత్త కాదు, ఆకు పరిమాణాన్ని బట్టి పెట్టిన గ్రేడు పేరు. 1930ల తొలినాళ్ళలో అస్సాంలో మొదలైన సీటీసీ పద్ధతిలో ఆకును పళ్ళున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, చుట్టి, ఆరబెట్టి, జల్లెడ పట్టి వేరు చేస్తారు. అన్నిటికన్నా సన్ననిది డస్టు, దానికన్నా కొంచెం పెద్దవి ఫ్యానింగ్స్. సన్నని ఆకు త్వరగా దిగుతుంది కాబట్టే సంచుల్లో అదే వేస్తారు. మన ఇళ్ళలో తరతరాలుగా మరిగిస్తున్న పొడిలోనూ ఎక్కువ భాగం డస్టు గ్రేడే.

గోదారి గట్టు:
గ్రేడు పేరే దుమ్ము అని పెట్టుకున్నాక ఇంకా వాదనెందుకండీ.

పాల టీ పక్షం:
మీతో వాదించను. ఉదయపు కప్పు గారూ, దుకాణం బ్యాగులు మీకు పలుచగా ఎందుకు తగిలాయో డబ్బాల మీదే రాసి ఉంది, తూకం చూడండి. యార్క్‌షైర్ 80 సంచుల డబ్బా 250 గ్రాములు, అంటే సంచికి మూడు గ్రాముల పైచిలుకు. మన దుకాణాల్లో దొరికే దారం ఉన్న సంచుల్లో సాధారణంగా ఉండేది రెండు గ్రాములే. పెద్ద మగ్గులో ఆ రెండు గ్రాములు వేసి, మీదట పాలు కూడా పోస్తే మరి ఏమి మిగులుతుంది? నీళ్ళు తగ్గించండి, లేదా రెండు సంచులు వేయండి. అన్నిటికన్నా చవకైన దారి ఒకటుంది: అస్సాం సీటీసీ పొడి కొని, వంటింటి త్రాసు మీద మూడు గ్రాములు తూచి, ఖాళీగా అమ్మే కాగితపు ఫిల్టరు సంచిలో వేసుకోవడం. తళతళ మరిగే నీళ్ళు పోసి, మూత పెట్టి, నాలుగు నిమిషాలు ఆగి, సంచి తీసేశాకే పాలు పోయండి. పాలు ముందు పోస్తే నీటి వేడి తగ్గి ఆకు సరిగా దిగదు. యార్క్‌షైర్ మిశ్రమంలో ఉండేది ముఖ్యంగా అస్సాం ఆకు, తూర్పు ఆఫ్రికా ఆకు. వాటిలో మొదటిది మన దేశానిదే. అది సముద్రం దాటి వెళ్ళి డబ్బాలో తిరిగి వస్తే, టీ మీద మన దేశపు దిగుమతి సుంకం నూటికి నూరు శాతం. ఆ ధర కట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఆకుపచ్చ అడుగు:
ఖాళీ సంచి బదులు స్టీలు ఇన్‌ఫ్యూజరు (పొడి వేసి కప్పులో ముంచే చిన్న జల్లెడ) వాడితే ఇంకా మంచిది. కన్నాలు సన్నగా ఉన్నది తీసుకోవాలి, లేకపోతే పొడి కప్పులోకి దిగుతుంది.

కోఠి కొట్టు:
బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు దిగుమతి సరుకు అమ్మే పెద్ద దుకాణాల్లో ఎర్ర డబ్బా అప్పుడప్పుడు కనిపిస్తుంది. హార్డ్ వాటర్ డబ్బా నేను ఎక్కడా చూడలేదు. ముందు ఫోను చేసి కనుక్కుని వెళ్ళండి, గడువు తేదీ చూసి కొనండి.

ఉదయపు కప్పు:
సరేనండీ, శనివారం అటు వెళ్ళి చూస్తాను. రోజూ పొద్దున్నే త్రాసు పెట్టుకుని పొడి తూచే ఓపిక నాకు లేదు. అందరికీ ధన్యవాదాలు.

మంచినీళ్ళ మాస్టారు:
టీడీఎస్ ఎంతో చెప్పనేలేదు.

కువైట్ కోనసీమ:
ఈ చర్చ ఇప్పుడే చూశాను. మాకు ఇక్కడ కుళాయిలో వచ్చేది సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇచ్చే నీరు. మా వీధి చివరి దుకాణంలో ఎర్ర డబ్బా, హార్డ్ వాటర్ డబ్బా రెండూ పక్కపక్కనే పెట్టారు. మాకు ఏది సరిపోతుందో మాస్టారు గారు గానీ, తెలిసినవారెవరైనా గానీ చెప్పగలరా?