36 గంటలు చేస్తున్నా పార్ట్‌టైమ్ అంట! ఇన్సూరెన్స్ ఎలా అడగాలి?

గోరింటాకు (ఆదివారం, రాత్రి 12:50)
మూడు గంటల నుంచి ఇదే చదువుతున్నా, కళ్లు మండిపోతున్నాయి. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్. నేను ఇక్కడ అమెరికాలో వారానికి 36 గంటలు పనిచేస్తున్నాను. 30 గంటలు దాటితే ఫుల్‌టైమ్, ఫుల్‌టైమ్ వాళ్లకి కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వాలి అని ఏ సైట్ తెరిచినా ఉంది. మా మేనేజర్ని అడిగితే "మన దగ్గర ఫుల్‌టైమ్ అంటే 40 అమ్మా, నువ్వు పార్ట్‌టైమ్" అని నవ్వి వెళ్లిపోయాడు. మావారు కంపెనీ మారారు, పాత ఇన్సూరెన్స్ జనవరి 31తో అయిపోయింది. కొత్త కన్సల్టెన్సీలో ఫ్యామిలీకి నెలకి 1,900 డాలర్లు జీతంలో కోస్తారట. మా పాపకి మూడేళ్లు, నెలకోసారి చెవి నొప్పి. రేపు పొద్దున మేనేజర్ ముందు పెట్టడానికి ఒక్క లైను చాలు. చట్టం ఏమంటోంది?

సూటిగా (రాత్రి 12:58)
ఎంతమంది పనిచేస్తారు? 50 లోపు అయితే ఇవ్వక్కర్లేదు.

నెల్లూరు టు డాలస్ (రాత్రి 1:05)
అక్కా, నువ్వు ఫుల్‌టైమా, కాంట్రాక్టా? కాంట్రాక్ట్ అయితే నీ కన్సల్టెన్సీ ఇవ్వాలి, క్లయింట్ కాదు.

గోరింటాకు (రాత్రి 1:09)
కాంట్రాక్ట్ ఏమిటి తమ్ముడూ, నాది ఐటీ కాదు. ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రోసరీ షాపు. బిల్లింగ్ కౌంటర్.

నెల్లూరు టు డాలస్ (రాత్రి 1:11)
ఓ సారీ. మనవాళ్ల భాషలో "ఫుల్‌టైమ్ వచ్చింది" అంటే కాంట్రాక్ట్ నుంచి పర్మనెంట్ అయ్యాడని కదా, అదే అనుకున్నా.

అచ్చతెనుగు (రాత్రి 1:20)
ఈ గందరగోళానికి కారణం మాటే. ఫుల్‌టైమ్ అనకుండా "పూర్తికాల ఉద్యోగి" అని రాస్తే పర్మనెంట్‌తో కలిసిపోదు. పర్మనెంట్‌కి "శాశ్వత" ఉండనే ఉంది. పక్కనే మంచి మాటలు ఉన్నా వాడం.

సూటిగా (రాత్రి 1:22)
పూర్తికాలం అంటే అందరూ 40 అనుకుంటారు. ఇంకా గందరగోళం.

లెక్కల మాస్టారు (ఉదయం 6:15)
పేరోల్‌లో పద్నాలుగేళ్లుగా ఉన్నాను కాబట్టి చెబుతున్నా. గోరింటాకు గారూ, మీ మేనేజర్ చెప్పిన 40 ఓవర్‌టైమ్ లెక్క. 1938 నాటి వేతన చట్టంలోది. ఆ చట్టం ఫుల్‌టైమ్ అంటే ఎన్ని గంటలో ఎక్కడా చెప్పలేదు, సెలవులకీ బోనస్‌కీ షాపువాళ్లు 40 అని పెట్టుకోవచ్చు. ఒబామాకేర్‌కి, అంటే మీరడిగే ఇన్సూరెన్స్ చట్టానికి మాత్రం ఆ మాట చెల్లదు. వారానికి సగటున 30 గంటలు, లేదా నెలకి 130. (30ని 52తో గుణించి 12తో భాగించండి, 130 వస్తుంది.) పనిచేసినవే కాదు, జీతంతో ఇచ్చిన సెలవు గంటలు కూడా కలుస్తాయి.

కానీ ఆ వాక్యంలో మీరు "30" ఒక్కటే చదివారు. దాని ముందు "సగటున" ఉంది. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు సగటు? అసలు కథ అక్కడ. మీరు ఎప్పుడు చేరారు? మొదటి నుంచీ 36 గంటలేనా? షాపులో ఎంతమంది? ఈ మూడూ చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

ప్లేనో పెదనాన్న (ఉదయం 7:40)
అసలు ఇన్సూరెన్స్‌ని ఉద్యోగానికి కట్టేయడమే ఈ దేశం చేసిన పెద్ద పొరపాటు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో జీతాలు పెంచకూడదని ప్రభుత్వం కట్టడి పెట్టింది. పనివాళ్లు దొరకని కంపెనీలు జీతం బదులు ఇన్సూరెన్స్ ఆశ చూపించాయి. 1954లో దానికి పన్ను లేదని చట్టంలోనే రాసేశారు. ఎనభై ఏళ్లు దాటినా మనం ఇంకా ఆ యుద్ధకాలపు ఏర్పాటు కిందే బతుకుతున్నాం. నేను 1996లో వచ్చినప్పుడు కూడా

ప్లేనో పెదనాన్న (ఉదయం 7:41)
(వేలు తగిలి మధ్యలోనే వెళ్లిపోయింది) ఇదే గొడవ. ఎవరి ఇన్సూరెన్స్ వాళ్లు కొనుక్కుంటేనే మర్యాద.

సూటిగా (ఉదయం 7:50)
ఆమె అడిగింది చరిత్ర కాదు పెదనాన్నా.

గోరింటాకు (మధ్యాహ్నం 1:30)
బ్రేక్‌లో ఉన్నా. షాపులో 18 మందిమి. నిరుడు మార్చి ఆఖర్లో చేరాను. అప్పుడు 20 గంటలే, పాప చిన్నది కదా. అక్టోబర్ నుంచి 36. అయితే షాపులో 24, మిగతా 12 వంటశాలలో.

లెక్కల మాస్టారు (మధ్యాహ్నం 1:34)
వంటశాల ఎవరిది?

గోరింటాకు (మధ్యాహ్నం 1:37)
మా ఓనర్ గారిదే. స్వీట్లు, పచ్చళ్లు, కేటరింగ్ అన్నీ అక్కడే. ఇంకో షాపు కూడా ఉంది వాళ్లకి ఫ్రిస్కో వైపు. నాకు రెండు చెక్కులు వస్తాయి, షాపుది ఒకటి, వంటశాలది ఒకటి. కంపెనీ పేర్లు వేరు. అది ముఖ్యమా?

సూటిగా (మధ్యాహ్నం 1:38)
అదే ముఖ్యం.

లెక్కల మాస్టారు (సాయంత్రం 6:50)
అమ్మా, ఇది మొదటి లైన్లోనే రాయాల్సిన విషయం! కాగితం మీద కంపెనీలు ఎన్ని ఉన్నా, ఐదుగురు లేక అంతకన్నా తక్కువ మంది యజమానులు ప్రతిదానిలోనూ కనీసం 80 శాతం పట్టుకుని ఉండి, అన్ని కంపెనీల్లోనూ వాళ్లకి సమానంగా ఉన్న వాటాల మొత్తం 50 శాతం దాటితే ఈ చట్టం వాటిని ఒకే యజమానిగా చూస్తుంది. మీ ఓనర్ ఒక్కరే మొత్తానికి హక్కుదారు అయితే సందేహమే లేదు. మీ 24, మీ 12 కలిసి 36. మీ 18 మంది, వంటశాల వాళ్లు, ఫ్రిస్కో వాళ్లు అందరూ ఒకే లెక్కలోకి వస్తారు.

50 అంటే 50 తలకాయలూ కాదు. పార్ట్‌టైమ్ వాళ్ల నెల గంటలన్నీ కూడి (ఒక్కొక్కరికి 120కి మించకుండా) 120తో భాగిస్తారు. ఉదాహరణకి 30 గంటలు దాటినవాళ్లు 31 మంది, పార్ట్‌టైమ్ వాళ్ల గంటలు 2,640 అనుకోండి. 2,640ని 120తో భాగిస్తే 22. 31కి 22 కలిపితే 53. పెద్ద యజమాని అయిపోయారు. ఇది కూడా ఈ నెలది కాదు, నిరుడు పన్నెండు నెలల సగటు.

బిర్యానీ బాబాయ్ (రాత్రి 8:15)
అందరూ ఓనర్ని విలన్ చేసేస్తున్నారు, ఓనర్‌గా నేనొక మాట చెప్పుకోనా? నాకు రెండు రెస్టారెంట్లు. అద్దె, గ్యాస్, మేక మాంసం రేటు చూశారా? 49 దగ్గర ఆగిపోతాం, షెడ్యూల్లో 28 వేస్తాం, అవును. నేనొక్కణ్ణే కాదు, ఈ దేశంలో చిన్న వ్యాపారం చేసేవాడెవడైనా అదే చేస్తాడు. 30కి బదులు 40 అని రాసి ఉంటే మేమే మనిషికి 38 గంటలు ఇచ్చేవాళ్లం.

సూటిగా (రాత్రి 8:17)
హవాయిలో 1974 నుంచి 20 గంటలకే ఇవ్వాలి. అక్కడ రెస్టారెంట్లు లేవా?

బిర్యానీ బాబాయ్ (రాత్రి 8:20)
హవాయి వెళ్లి పెట్టమంటావా బిర్యానీ?

గుంటూరు గిరి (రాత్రి 8:44)
మన ఇండియాలో ఈఎస్ఐ ఎంత హాయి! గంటల గొడవే లేదు. జీతం నెలకి 21,000 రూపాయల లోపు ఉండాలి, మనిషి ఇచ్చేది 0.75 శాతం, యజమాని 3.25. భార్యాపిల్లలకి కూడా వైద్యం.

నెల్లూరు టు డాలస్ (రాత్రి 8:50)
అన్నా, 21,500 జీతమైతే అప్పుడు చెప్పు ఎంత హాయో.

గోరింటాకు (రాత్రి 11:25)
పాప పడుకుంది. మాస్టారూ, అయితే నాకు ఇవ్వాలనే కదా? రెండూ కలిపితే 36.

లెక్కల మాస్టారు (సోమవారం, ఉదయం 6:05)
తొందరపడకండి. యజమానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి నెలనెలా చూడడం. ఆ దారి అయితే అక్టోబర్ నుంచి మీరు ప్రతి నెలా 130 దాటుతున్నారు, మీ వాదన గట్టిది. రెండోది వెనక్కి తిరిగి చూసే పద్ధతి. మీలా గంటలు మారే కొత్తవాళ్లకి 3 నుంచి 12 నెలల వరకు కొలిచి, ఆ సగటు 30 లేదా అంతకు మించితే తర్వాత కొన్నాళ్లు ఫుల్‌టైమ్‌గా చూడాలి, ఆ కొన్నాళ్లలో మీ గంటలు తగ్గినా సరే. 30 రాకపోతే ఇప్పుడు 36 చేస్తున్నా సాధారణంగా పార్ట్‌టైమే. షాపులు ఎక్కువగా ఈ రెండోదే పట్టుకుంటాయి, 12 నెలలకే పెడతాయి.

మీ లెక్క వేస్తాను. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 అనుకుందాం. మొదటి 26 వారాలు 20 గంటల చొప్పున 520. తర్వాతి 26 వారాలు 36 చొప్పున 936, అది కూడా మార్చి ఆఖరు దాకా ఇలాగే చేస్తేనే. మొత్తం 1,456. కావాల్సింది 52 వారాలకి 1,560. 104 గంటలు తక్కువ, సగటు 28.

గోరింటాకు (సోమవారం, మధ్యాహ్నం 1:20)
దీపావళికి స్వీట్ బాక్సుల ప్యాకింగ్‌కి నాలుగు వారాలు ఇంకా ఎక్కువ చేశాను. వారానికి 60 దాకా వెళ్లింది. రాత్రి పదకొండింటికి కాజు కత్లీ మీద వెండి రేకు అతికిస్తుంటే చేతులు వణికేవి. దానికి చెక్కు ఇవ్వలేదు, షాపు గిఫ్ట్ కార్డులు ఇచ్చారు.

లెక్కల మాస్టారు (సోమవారం, మధ్యాహ్నం 1:26)
ఆ మాట ఇప్పుడా చెప్పేది! చెక్కు ఇచ్చారా గిఫ్ట్ కార్డు ఇచ్చారా అన్నది కాదు, ఆ గంటలకి మీకు డబ్బు రావాలా వద్దా అన్నదే లెక్క. 24 గంటల చొప్పున నాలుగు వారాలు 96. 1,552 అయింది. ఇక 8 గంటలు. థ్యాంక్స్‌గివింగ్‌కి గానీ మరెప్పుడైనా గానీ జీతంతో సెలవు ఇచ్చారా? చూడండి. పైగా 40 దాటిన గంటలకి ఒకటిన్నర రెట్లు రావాలి, అది వేరే కేసు.

బిర్యానీ బాబాయ్ (సోమవారం, మధ్యాహ్నం 2:02)
గిఫ్ట్ కార్డులా?? నేను కూడా అలా చేయను.

ప్లేనో పెదనాన్న (సోమవారం, మధ్యాహ్నం 3:10)
చూశారా, జీతం బదులు వస్తువులు. 1942లోనూ సరిగ్గా ఇదే.

సూటిగా (సోమవారం, సాయంత్రం 5:45)
అక్కా, ఒకటి తెలుసుకో. ఈ చట్టం నీకు ఇన్సూరెన్స్ ఇప్పించదు. ఇవ్వని యజమానికి జరిమానా వేస్తుంది, అంతే. ఆ డబ్బు ఐఆర్ఎస్‌కి (పన్నుల శాఖకి) పోతుంది, నీకు కాదు.

లెక్కల మాస్టారు (సోమవారం, రాత్రి 7:30)
అది నిజం. ఇంకో మెలిక కూడా ఉంది. ఫుల్‌టైమ్ వాళ్లలో కనీసం ఒక్కరైనా మార్కెట్‌ప్లేస్‌లో (ప్రభుత్వ ఇన్సూరెన్స్ సైట్‌లో) ప్రభుత్వ సబ్సిడీతో కొనుక్కుంటేనే జరిమానా పడుతుంది. ఎవరికీ సబ్సిడీ రాకపోతే యజమానికి చీమ కుట్టినట్టైనా ఉండదు. 2026కి ఆ జరిమానా ఏడాదికి మనిషికి 3,340 డాలర్లు, మొదటి 30 మందిని వదిలేసి లెక్కిస్తారు.

ఇంకొకటి, ఇది చాలామంది చూడరు. మీరు ఫుల్‌టైమ్ అని తేలినా షాపు చూపించాల్సింది మీకూ, 26 ఏళ్ల లోపు పిల్లలకీ ప్లాన్. మీవారిని చేర్చాలని చట్టంలో లేదు. పాప వంతు ప్రీమియంలో షాపు ఒక్క డాలర్ కలపకపోయినా అడగలేరు. చేతికొచ్చేసరికి మీవారి 1,900కి దగ్గరలోనే ఉండొచ్చు.

కాబట్టి మేనేజర్‌తో గొడవ పెట్టుకునే ముందు, పాత ఇన్సూరెన్స్ పోయిన రోజు నుంచి 60 రోజుల్లో, అంటే ఏప్రిల్ 1 లోపు హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో ప్లాన్ తీసుకోవచ్చు. అది దాటితే నవంబర్ దాకా తలుపు మూసేస్తారు. మీవారి కొత్త కంపెనీ ప్లాన్‌కి గడువు ఇంకా తక్కువ ఉండొచ్చు, ఈ రాత్రే అడగండి.

నెల్లూరు టు డాలస్ (సోమవారం, రాత్రి 7:52)
సబ్సిడీ వస్తుందా మాస్టారూ వీళ్లకి?

లెక్కల మాస్టారు (సోమవారం, రాత్రి 8:10)
ముగ్గురి కుటుంబానికి ఏడాది ఆదాయం 106,600 డాలర్లు దాటితే 2026కి రాదు. 2021 నుంచి 2025 దాకా అలా కోసేసే గీత లేదు, 2026లో మళ్లీ వచ్చింది. లోపు ఉంటే, మీవారి ఫ్యామిలీ ప్రీమియం ఆదాయంలో 9.96 శాతం దాటింది కాబట్టి మీకూ పాపకీ అవకాశం ఉంది. కానీ 2027 నుంచి వీసాల మీద ఉన్నవాళ్లకి సబ్సిడీ తీసేస్తున్నారు, గ్రీన్ కార్డు రావాల్సిందే.

అచ్చతెనుగు (సోమవారం, రాత్రి 8:31)
సబ్సిడీకి "రాయితీ".

గోరింటాకు (మంగళవారం, రాత్రి 11:58)
మేనేజర్ని గట్టిగా ఏమీ అడగలేదు. ఏ పద్ధతిలో కొలుస్తారని మాత్రమే అడిగా. "నీకెవరు చెప్పారు ఇవన్నీ" అన్నాడు. దీపావళి నాటి షెడ్యూల్ ఫోటోలు వాట్సాప్‌లో దొరికాయి, దాచిపెట్టా. జీతంతో సెలవు ఒక్కటీ లేదు.

సూటిగా (బుధవారం, ఉదయం 6:30)
8 గంటలు. ఒక్క షిఫ్ట్ ఎక్కువ అడుగు.

బిర్యానీ బాబాయ్ (బుధవారం, ఉదయం 10:15)
మాస్టారూ, మా తమ్ముడి పేరు మీద ఉన్న బ్రాంచి కూడా కలుస్తుందా? ఊరికే అడుగుతున్నా.

గోరింటాకు (తర్వాతి ఆదివారం, రాత్రి 10:40)
వచ్చే రెండు వారాల షెడ్యూల్ వచ్చింది. షాపులో 22, వంటశాల సున్నా. మావారి ప్లాన్‌లోనే చేరిపోయాం, పాపకి మళ్లీ చెవి. థాంక్స్ అందరికీ.

గుంటూరు గిరి (సోమవారం, ఉదయం 9:05)
మా అమ్మానాన్నా మే నెలలో వస్తున్నారు. విజిటర్ ఇన్సూరెన్స్‌లో షుగర్, బీపీ కవర్ చేసేది ఏదైనా ఉందా?