అప్‌డేట్: లాగిన్ స్క్రీన్‌లో కీబోర్డు, మౌస్ పనిచేస్తున్నాయి

డెబియన్ (లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్) కొత్తగా వేశాక లాగిన్ స్క్రీన్ వస్తోంది గానీ కీబోర్డు, మౌస్ రెండూ స్పందించట్లేదని అడిగాను కదా, సమస్య తీరింది. గ్రబ్ మెనూలో (కంప్యూటర్ ఆన్ చేయగానే ఏ సిస్టమ్ తెరవాలో ఎంచుకునే స్క్రీన్) బాణం కీలు పనిచేస్తుంటే హార్డ్‌వేర్‌ని అనుమానించక్కర్లేదన్న మీ మాటే దారి చూపింది.

అక్కడే ‘ఇ’ కీ నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే లైను చివర స్పేస్ ఇచ్చి, గ్రాఫిక్స్ లేకుండా టెక్స్ట్ మోడ్‌లో తెరవమని చెప్పే 3 చేర్చి, ఎఫ్10 కొట్టాను. టెక్స్ట్ లాగిన్ వచ్చింది, టైపింగ్ పడింది! (ఆ 3 ఆ ఒక్క బూట్‌కే, తర్వాత తీసేసే పని లేదు.)

ఎక్సార్గ్ (తెర మీద గ్రాఫిక్స్ చూపించి, కీబోర్డు, మౌస్‌ల ఇన్‌పుట్ తీసుకునే ఎక్స్ సర్వర్) లాగ్ తెరిస్తే కీబోర్డుకీ మౌస్‌కీ ఒకటే లైను: ఇన్‌పుట్ డ్రైవర్ ఏదో చెప్పలేదు, ఈ పరికరాన్ని వదిలేస్తున్నాం అని. నేను మినిమల్ ఇన్‌స్టాల్ (తప్పనిసరి ప్యాకేజీలతోనే) చేశాను కాబట్టి ఎక్స్ సర్వర్ కోర్ మాత్రమే వచ్చింది, డ్రైవర్ ప్యాకేజీ రాలేదు. నెట్ కోసం ల్యాన్ కేబుల్ పెట్టి, డెబియన్‌లో ప్యాకేజీలు వేసే ఆప్ట్ కమాండ్‌తో ‘ఎక్స్‌సర్వర్-ఎక్సార్గ్-ఇన్‌పుట్-లిబ్‌ఇన్‌పుట్’ వేసి రీబూట్ చేశాను. టచ్‌ప్యాడ్‌తో సహా అన్నీ లేచాయి. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.