క్రోమ్ నుంచి ఫైర్‌ఫాక్స్‌కు: 1,800 బుక్‌మార్కులు తేవాలి, ఒక ఫోల్డర్ పంచుకోవాలి

తెరచాప:
క్రోమ్‌లో ప్రకటనలను ఆపే యుబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ ఆగిపోయింది కాబట్టి ఫైర్‌ఫాక్స్‌కు మారుతున్నాను. దాదాపు 1,800 బుక్‌మార్కులున్నాయి. ఫోల్డర్ల అమరిక చెదరకుండా రావాలి. ఇంకోటి, అందులో "వ్యాకరణం" అనే ఫోల్డర్‌లోని 140 లింకులను మాత్రం ఐదుగురితో పంచుకోవాలి. వాళ్లు కూడా కొత్తవి చేరుస్తుండాలి. అందరూ ఒకే బ్రౌజర్ వాడరు. ఎలా చేయమంటారు?

నీలిమబ్బు:
మారడానికి మీ కారణం సరైనదే. మేనిఫెస్ట్ వీ3 అనే కొత్త ఎక్స్‌టెన్షన్ నియమావళితో క్రోమ్, పేజీ అడిగే ప్రతిదాన్నీ పరిశీలించి అక్కడికక్కడే ఆపే అధికారాన్ని మామూలు ఎక్స్‌టెన్షన్లకు లేకుండా చేసింది. ఫైర్‌ఫాక్స్‌లో అది ఇంకా ఉంది.

ముందు క్రోమ్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఓ నొక్కండి. పైన కుడివైపు మూడు చుక్కల్లో "ఎక్స్‌పోర్ట్ బుక్‌మార్క్స్" ఉంటుంది. ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్ వస్తుంది. క్రోమ్‌లో రెండు ప్రొఫైళ్లుంటే దేనికది విడిగా చేయాలి, చాలామంది మరిచిపోయేది ఇక్కడే. ఆ ఫైల్‌ను ఇంకో చోట కూడా దాచాకే ముందుకు వెళ్లండి.

ఫైర్‌ఫాక్స్‌లోనూ అదే కంట్రోల్+షిఫ్ట్+ఓ. తెరుచుకున్న లైబ్రరీలో "ఇంపోర్ట్ అండ్ బ్యాకప్" కింద హెచ్‌టీఎంఎల్ నుంచి తెచ్చుకునే వరుస ఎంచుకోండి. అన్నీ "బుక్‌మార్క్స్ మెనూ" లోపలికి వస్తాయి, క్రోమ్ బార్‌లో ఉన్నవి కూడా. బార్ ఖాళీగా కనిపించిందని కంగారుపడి మళ్లీ ఇంపోర్ట్ చేస్తే ప్రతి లింకూ రెండేసి అవుతుంది. మెనూలో క్రోమ్ బార్ పేరుతో ఉన్న ఫోల్డర్ తెరిచి, లోపలివన్నీ "బుక్‌మార్క్స్ టూల్‌బార్" మీదికి లాగితే సరిపోతుంది.

అదే మెనూలో ఉండే "రిస్టోర్" జోలికి మాత్రం పోవద్దు. ఇంపోర్ట్ ఉన్నవాటికి కలుపుతుంది, రిస్టోర్ ఉన్నవన్నీ తీసేసి పాత ప్రతిని పెడుతుంది.

పాస్‌వర్డ్‌లు కూడా తెచ్చుకుంటే, అవి సీఎస్‌వీ అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌గా వస్తాయి. అది తెరిచి ఉన్న పుస్తకంతో సమానం, ఎవరైనా చదవొచ్చు. ఇంపోర్ట్ అయిన నిమిషంలోనే రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయండి.

పాతగుట్ట:
పంచుకోవడం గురించి. బ్రౌజర్ సింక్, అంటే ఖాతాతో పరికరాలన్నిటా ఒకేలా ఉంచే సదుపాయం, దీనికి పనికిరాదు. అది ఒకే మనిషి పరికరాల కోసం. ఒకే ఖాతా ఆరుగురు వాడితే పాస్‌వర్డ్‌లూ చరిత్రా కూడా అందరి చేతికీ వెళ్తాయి.

సులువైన దారి రెయిన్‌డ్రాప్ అనే ఆన్‌లైన్ బుక్‌మార్క్ సేవ. హెచ్‌టీఎంఎల్ ఫైల్ ఎక్కించి, కలెక్షన్ (అక్కడ ఫోల్డర్‌కు పేరు) చేసి, ఐదుగురినీ సహసభ్యులుగా ఆహ్వానించండి. అన్ని బ్రౌజర్లలోనూ నడుస్తుంది. కలెక్షన్‌ను "పబ్లిక్" చేస్తే లింకు తెలిసిన ఎవరైనా చూస్తారు, ఆరుగురికే అయితే అది అక్కర్లేదు. సొంత సర్వర్ ఉంటే లింక్‌డింగ్ అనే బుక్‌మార్క్ సాఫ్ట్‌వేర్ మంచిది, డాకర్‌తో (సాఫ్ట్‌వేర్‌ను కావలసినవన్నీ కలిపి ఒకే పెట్టెలా నడిపే పరికరం) నిలబెట్టుకోవచ్చు. అలాంటిదే షార్లీ ఇంకా తేలిక, సర్వర్‌లో పీహెచ్‌పీ భాష నడిస్తే చాలు, డేటాబేస్ అక్కర్లేదు, కానీ అది ఒక్కరి వాడకం కోసం చేసింది.

ఏది ఎంచుకున్నా నెలకోసారి ఎక్స్‌పోర్ట్ తీసి పెట్టుకోండి. 2003లో మొదలైన డెలిషస్ అనే బుక్‌మార్క్ సేవ 2017లో అలాంటిదే అయిన పిన్‌బోర్డ్ చేతికి వెళ్లి, కొత్త లింకులు చేర్చుకోవడం ఆపేసింది. లింకులు దాచుకునే పాకెట్ 2025 జూలై 8న మూతపడింది. ఇలాంటి సేవలను నమ్మి ఒకే ప్రతి ఉంచుకోవడం తప్పు.

తెరచాప:
ధన్యవాదాలండీ. ఎక్స్‌పోర్ట్ చేస్తే 1,800 మొత్తం వస్తున్నాయి. ఆ 140 మాత్రం విడదీయడం ఎలా? ఫోన్‌లోకి కూడా కావాలి.

నీలిమబ్బు:
ఫోల్డర్ ఒక్కదాన్నే ఎక్స్‌పోర్ట్ చేసే వీలు రెండు బ్రౌజర్లలోనూ లేదు. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో "అబౌట్:ప్రొఫైల్స్" (about:profiles) అని ఇంగ్లిష్‌లో కొట్టి కొత్త ప్రొఫైల్ తెరవండి. అందులో ఫైల్ ఇంపోర్ట్ చేసి, "వ్యాకరణం" తప్ప మిగతావన్నీ తొలగించి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ప్రొఫైల్‌లో సింక్‌కు లాగిన్ కావద్దు! లాగిన్ అయితే మీరు చెరిపినవి మీ అసలు ప్రొఫైల్‌లోనూ చెరిగిపోతాయి.

జాబితా ఒక్కసారి పంపితే చాలనుకుంటే ఇంత పని అక్కర్లేదు. లైబ్రరీలో ఫోల్డర్‌ను కాపీ చేసి వర్డ్‌లాంటి చోట అతికిస్తే శీర్షికలతో లింకులొస్తాయి. నోట్‌ప్యాడ్‌లో అయితే ఉత్త చిరునామాలే.

ఫోన్‌కు మీ సొంత సింక్ వాడండి. కంప్యూటర్‌లోవి అక్కడ "డెస్క్‌టాప్ బుక్‌మార్క్స్" ఫోల్డర్‌లో కనిపిస్తాయి.

పాతగుట్ట:
పంపేముందు 140నీ ఒకసారి చూసుకోండి. లింకు తెలిస్తే చాలు తెరుచుకునే పత్రాలు, చిరునామాలోనే టోకెన్ (లాగిన్ బదులు పనిచేసే రహస్య సంకేతం) ఉన్నవి వాటిలో ఉంటే, లింకు ఇవ్వడమంటే తాళంచెవి ఇవ్వడమే. "యుటీఎం" (utm) అంటూ ప్రశ్నగుర్తు తర్వాత వచ్చే, ఎక్కడి నుంచి వచ్చారో లెక్కపెట్టే తోకలు కూడా కత్తిరించండి. లేకపోతే ఒకే పేజీ వేర్వేరు చిరునామాలతో వచ్చి, నకళ్లు ఏరేటప్పుడు దొరకదు.