బెంగళూరు నుంచి ఊరికి కారులో: శుక్రవారం రాత్రే బయల్దేరాలా, శనివారం తెల్లవారుజామునా?

కర్నూలు కోడలు:
మా ఇంట్లో నాలుగేళ్లుగా తెగని తగాదా ఇది. మేం మారతహళ్ళిలో ఉంటాం. ఇద్దరికీ ఉద్యోగాలు, ఇద్దరికీ డ్రైవింగ్ వచ్చు. అత్తగారి ఊరు కర్నూలు, దాదాపు 360 కిలోమీటర్లు. నెలకోసారైనా వెళ్తాం. శుక్రవారం ఆఫీసు అయ్యాక అన్నం తిని పదింటికి బయల్దేరదాం అంటారు మా ఆయన. రోడ్డు ఖాళీగా ఉంటుంది, తెల్లారేసరికి ఊళ్లో ఉంటాం, శనివారం మొత్తం మిగులుతుంది అని ఆయన లెక్క. నేను శనివారం నాలుగింటికి బయల్దేరదాం అంటాను.

రాత్రి ప్రయాణంలో నేను కన్ను మూయడానికి లేదు. ఆయన కునుకు తీయకుండా చూడటమే నా పని. చిక్కబళ్ళాపురం దాటేసరికి మాటలు అయిపోతాయి. "ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు" అంటారు. అలా మాట్లాడేది కబుర్లు కాదు, కాపలా. తెల్లవారుజామున వెళ్లిన నాలుగైదుసార్లూ వేరుగా ఉంది. బాగేపల్లి దగ్గర వెలుగు వస్తుంది. కొడికొండ దగ్గర బోర్డులు తెలుగులోకి మారతాయి, మాకు ఏదో ఇంటికి వచ్చేసినట్టే ఉంటుంది. వారమంతా రెండు ల్యాప్‌టాప్‌ల వెనక కూర్చుని చెప్పుకోని సంగతులు అప్పుడు బయటికి వస్తాయి. ఇల్లు కొనాలా వద్దా అన్నది, మా నాన్న ఆపరేషన్ సంగతి, ఇవి మేం నిజంగా మాట్లాడుకున్నది అనంతపురానికీ గుత్తికీ మధ్యనే.

ఒకసారి కొడికొండ దగ్గర తిరిగి లేపాక్షి కూడా చూసి వెళ్లాం. 16వ శతాబ్దంలో కట్టిన వీరభద్రాలయం అది. వేలాడే స్తంభం కింద నా చున్నీ ఒకవైపు నుంచి దూర్చి ఇంకోవైపు లాగాం. నలభైసార్లు ఆ మలుపు పక్క నుంచే చీకట్లో వెళ్లిపోయాం కదా అని ఆ రోజు నాకు చాలా బాధేసింది.

మీ ఇళ్లల్లో ఏం చేస్తారు?

రెండేళ్ల పాప నాన్న:
నేను మీ ఆయన పక్షం అండీ. మాది హైదరాబాద్, 570 కిలోమీటర్లు. పగలు వెళ్తే పాప సీటులో గంట కూడా ఉండదు, రాత్రయితే హాయిగా నిద్రపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఉత్తరానికి వెళ్తున్నాం కాబట్టి పొద్దుటి ఎండ కుడివైపు, అంటే నేరుగా డ్రైవరు మీదే. పగలు ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, ట్రాక్టర్లు, గొర్రెల మందలు సరేసరి.

రాత్రి అంటేనే ప్రమాదం అనడం కూడా సరికాదు. కేంద్ర రవాణా శాఖ 2022 నివేదిక చూడండి. ఆ ఏడాది దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. ప్రమాదాలు అన్నిటికన్నా ఎక్కువ జరిగింది సాయంత్రం 6 నుంచి 9 మధ్య. అర్ధరాత్రి కాదు.

హెబ్బాళ దగ్గర ఉండేవాణ్ణి:
ఒక్క మాట. శనివారం వెళ్లేవాళ్లు ట్రాఫిక్ పెరగకముందే, ఐదులోపు, ఊరు దాటే దారిలోని మా హెబ్బాళ దాటాలి. సెలవులు కలిసొచ్చిన వారం అయితే ఇంకా ముందే దాటాలి. ఆరింటికి అలారం పెట్టుకునేవాళ్లు రాత్రే వెళ్లడం మేలు.

ఆర్టీసీ డ్రైవర్ కొడుకు:
పాప నాన్నగారూ, ఆ 6-9 లెక్క నిజమే. ఆ వేళ రోడ్డు మీద బళ్లూ ఎక్కువే, నడిచేవాళ్లూ ఎక్కువే, కాబట్టి సంఖ్య పెరుగుతుంది. అర్ధరాత్రి దాటాక రెండింటికి మీ ఒక్క బండికి ఎంత ప్రమాదం అన్నది దాన్నిబట్టి తేలదు.

మా నాన్న ఇరవై ఏళ్లకు పైగా రాత్రి సర్వీసులు నడిపాడు. నైట్ డ్యూటీ ఉన్న రోజు పగలు కిటికీకి దుప్పటి కట్టి పడుకునేవాడు. మేం గట్టిగా మాట్లాడితే అమ్మ కొట్టేది. మధ్యాహ్నం చుట్టాలొచ్చినా లేపేది కాదు. అంటే రాత్రి బండి ఎక్కేముందు ఆయన నిద్ర అయిపోయి ఉండేది. మనం చేసేది వేరు. పొద్దున ఏడింటికి లేచి, మీటింగులన్నీ అయ్యాక, ట్రాఫిక్‌లో ఇంటికొచ్చి, అన్నం తిని స్టీరింగ్ పట్టుకుంటున్నాం. రెండింటికి గుత్తి దగ్గర ఉన్నామంటే అప్పటికి 19 గంటలుగా మెలకువగా ఉన్నట్టు. పైగా రెండు నుంచి ఐదు వరకు శరీరం తనంతట తానే నిద్ర అడిగే వేళ. అది మా నాన్న లాంటివాళ్లకే కష్టంగా ఉండేది.

ఈ రోడ్డు మీదే 2013 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయారు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర మళ్లీ అలాంటిదే జరిగింది. రెండూ తెల్లవారకముందే. అవి నిద్ర వల్ల అయ్యాయని నేననడం లేదు. ఆ వేళ ఏదైనా జరిగితే దిగి పరిగెత్తడానికి కూడా మనుషులు మెలకువగా ఉండరు. నాకు భయం అక్కడ.

గుత్తి దగ్గర బతికినవాణ్ణి:
ఇది మా చుట్టాల్లో ఎవరికీ చెప్పలేదు. పోయిన ఏడాది దసరాకి వెళ్తూ, గుత్తి ఇంకా రాలేదు, రెండున్నర అయింది. మా ఆవిడ పక్క సీట్లో నిద్రపోతోంది. నాకు నిద్ర వస్తున్నట్టే అనిపించలేదు, అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. ముందు వెళ్తున్న లారీ దూరంగా ఉంది. తర్వాత చూస్తే దాని వెనక రాసిన అక్షరాలు చదవగలిగేంత దగ్గరికి వచ్చేసింది. మధ్యలో ఏం జరిగిందో నాకు గుర్తు లేదు. బ్రేకు మీద కాలు ఎలా పడిందో తెలియదు.

తర్వాత లెక్క వేసుకున్నాను. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. మూడు సెకన్లు కన్ను మూతపడితే 80 మీటర్లకు పైగా బండి దానంతట అదే పోతుంది. పెట్రోల్ బంకులో ఆపి తెల్లారేదాకా పడుకున్నాను. మా ఆవిడ లేచి ఎందుకు ఆగాం అని అడిగితే కాళ్లు నొప్పులు అన్నాను. నిజం చెప్పడానికి రెండు నెలలు పట్టింది.

అద్దం దించడం, పాటలు పెట్టడం, మొహం కడుక్కోవడం, ముందుజాగ్రత్తగా అన్నీ చేశాను ఆ రాత్రి. ఏవీ పనిచేయలేదు. కాఫీ పనిచేయడానికి కూడా అరగంట దాకా పడుతుంది. నిద్రకు మందు నిద్రే. పక్కన ఆపి ఇరవై నిమిషాలు పడుకోండి, దయచేసి.

రెండేళ్ల పాప నాన్న:
మీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. పాప వెనక సీట్లో ఉండగా నేనూ అలాగే నడిపిన రాత్రులున్నాయి. ఇకమీదట శుక్రవారం సగం రోజు సెలవు దొరికి, మధ్యాహ్నం పడుకోగలిగితేనే రాత్రి ప్రయాణం.

అయితే తెల్లవారుజాము వాళ్లను ఒకటి అడగాలి. నాలుగింటికి బయల్దేరాలంటే మూడింటికి లేవాలి. శుక్రవారం బట్టలు సర్దుకుని పడుకునేసరికి ఏ ఇంట్లోనైనా పన్నెండు. మూడు గంటల నిద్రతో ఆరు గంటల డ్రైవింగ్. ఇది క్షేమం అని ఎలా అంటున్నారు?

కర్నూలు కోడలు:
మీరు అడిగింది మా ఇంట్లో జరిగిందే. పోయినసారి నా మాట నెగ్గి నాలుగింటికే వెళ్లాం, పెనుకొండ దాటాక నాకే కళ్లు మూతలు పడ్డాయి. వేళ గురించి గొడవ పడ్డాను గానీ ముందు రాత్రి నిద్ర గురించి ఆలోచించలేదు. అది నా తప్పు.

గుత్తి అన్నగారి పోస్టు మా ఆయన చదివారు. ఏమీ అనలేదు, ఫోను తిరిగి ఇచ్చేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డారు. తర్వాత ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. గురువారమే సర్దేస్తాం. శుక్రవారం వండే పని పెట్టుకోం, తొమ్మిదికి లైట్లు ఆపేస్తాం. మూడింటికి లేచినా ఆరు గంటల నిద్ర ఉంటుంది. అనంతపురం దాకా ఆయన నడుపుతారు. అక్కడ బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ తిని, కాసేపు నడిచి, అక్కడి నుంచి నేను తీసుకుంటాను. నాలుగింటికి కదిలితే పదకొండులోపు ఇంట్లో ఉంటాం కాబట్టి నడినెత్తి ఎండ కూడా తప్పుతుంది. హైదరాబాద్ వాళ్లకు ఇది కుదరదని తెలుసు, మీది మరీ దూరం.

తిరుగు ప్రయాణం మాత్రం మాకు తేలలేదు. అత్తగారు ఆదివారం మధ్యాహ్నం అన్నం పెట్టకుండా పంపరు. రెండింటికి బయల్దేరితే దేవనహళ్ళి, హెబ్బాళ చేరేది సరిగ్గా ఆ ఆరు-తొమ్మిది మధ్యనే. సోమవారం తెల్లవారుజామున వెళ్దామంటే తొమ్మిదింటికి ఆయనకు మీటింగు. ఆదివారం సంగతి మీరెలా చేస్తున్నారో ఎవరైనా చెప్పండి.