సగం తల్లిపాలు, సగం డబ్బాపాలు పడితే హెచ్‌ఐవీ రిస్కు సగమవుతుందా?

చిరుగాలి:
తల్లికి హెచ్‌ఐవీ, ఇప్పుడు ఏడో నెల. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణిచే మందు) మాత్ర రోజూ వేసుకుంటోంది, వైరల్ లోడ్ (మిల్లీలీటరు రక్తంలో వైరస్ లెక్క) 50 లోపే. కాన్పయ్యాక చనుబాలు పట్టమని ఒకరు, పొరపాటున కూడా పట్టొద్దని ఇంకొకరు అంటున్నారు. సగం అవీ సగం ఇవీ పడితే రిస్కూ సగానికి తగ్గుతుందని తండ్రి లెక్క. నిజమేనా? పుట్టగానే బిడ్డకు రక్తపరీక్ష చేస్తే తేలిపోతుందా?

మర్రినీడ:
ఆ లెక్కే తప్పండీ. మందులు లేని రోజుల్లో చూస్తే, తల్లిపాలు మాత్రమే తాగిన పిల్లల కంటే రెండూ కలిపి తాగిన పిల్లలకే ఎక్కువగా సోకింది. చంటిబిడ్డ పేగు లోపలిపొర చాలా లేత. డబ్బాపాలు, తేనె, ఆఖరికి నీళ్లు పడినా అది ఒరుసుకుపోయి, పాలలోని వైరస్‌కు దారి దొరుకుతుందని వివరణ.

ఏ మందూ లేకపోతే కడుపులో, కాన్పులో, పాలలో అన్నీ కలిపి నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు సోకుతుంది. మందులు సరిగ్గా పడితే 5 లోపే. వైరల్ లోడ్ ఇలా అణిగే ఉంటే పాల ద్వారా సోకేది నూటికి ఒకటి కూడా ఉండదు, అలాగని సున్నా అనీ చెప్పలేం. ‘కనపడకపోతే అంటదు’ (పరీక్షలో వైరస్ కనపడనంత తక్కువుంటే ఇంకొకరికి సోకదు) అన్నది దంపతుల కలయిక గురించిన మాట, దాన్ని పాలకు అంటగట్టకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 సూచన ప్రకారం మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే. తర్వాత పై ఆహారంతో పాటు కనీసం 12 నెలల వరకు, మాత్ర మానకుండా ఉంటే 24 నెలలు, ఆపైన కూడా. ఎప్పుడైనా ఒక పూట డబ్బాపాలు పట్టేశారని కంగారుపడి చనుపాలు మాన్పించొద్దు. మాన్పించే రోజు వచ్చినా ఒక్కసారిగా కాదు, నెలరోజుల్లో మెల్లగా.

తుమ్మెద:
బిడ్డ మందు సంగతి ఎవరూ చెప్పలేదు. పుట్టిన గంటల్లోనే నెవిరాపిన్ (బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు) సిరప్ మొదలుపెట్టి 6 వారాలు, రోజుకు ఒక్కసారి. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే, పుట్టిన బరువు రెండున్నర కిలోలు, ఆపైన ఉంటే 1.5 మిల్లీలీటర్లు, 2 నుంచి రెండున్నర లోపు ఉంటే 1 మిల్లీలీటరు. వంటింటి చెంచాతో కొలవకండి, సూది లేని సిరంజి వాడండి. తల్లి మందు మొదలుపెట్టి కాన్పు నాటికి 4 వారాలు కూడా కాకపోయినా, వైరల్ లోడ్ 1000 దాటినా జిడోవుడిన్ అనే మరో హెచ్‌ఐవీ మందు కూడా కలిపి, మందులు 12 వారాల దాకా ఇస్తారు.

చనుమొన పగిలి రక్తం వచ్చినా, రొమ్ము గట్టిపడి ఎర్రబడినా ఆ వైపు పాలు పిండి పారబోసి, రెండోవైపు పట్టాలి. పిండకుండా వదిలేస్తే గడ్డ కట్టి ఇంకా ముదురుతుంది. పగుళ్లకు చాలావరకు కారణం బిడ్డ మొన చివర మాత్రమే పట్టుకోవడం. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి.

చిరుగాలి:
మరి పూర్తిగా డబ్బాపాలే అనుకుంటే?

మర్రినీడ:
శుభ్రమైన నీళ్లు, పొయ్యి, నెలల తరబడి ఆగకుండా డబ్బాలు దొరుకుతాయన్న నమ్మకం ఉంటేనే. 3 కిలోల బిడ్డకు రోజుకు సుమారు 450 మిల్లీలీటర్లు, 8 సార్లుగా. మరిగిన నీళ్లు 70 డిగ్రీల కంటే చల్లారకముందే పొడి కలపాలి, పొడిలోనే సూక్ష్మజీవులు ఉండొచ్చు. బాగా చల్లార్చి పట్టి, 2 గంటలు దాటితే పారబోయాలి. డబ్బా ఎక్కువ రోజులు రావాలని పలచన చేస్తే బిడ్డ ఎండిపోతుంది. సీసా కంటే చిన్న గిన్నె కడగడం తేలిక.

తుమ్మెద:
పరీక్ష గురించి: తల్లి యాంటీబాడీలు (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునేవి) బిడ్డ ఒంట్లో 18 నెలల దాకా ఉండొచ్చు. అంతలోపు వాటినే వెతికే మామూలు టెస్టులో పాజిటివ్ వస్తే బిడ్డకు సోకిందని కాదు. 4–6 వారాలకు పీసీఆర్ (వైరస్‌నే నేరుగా పట్టే పరీక్ష), మళ్లీ 9 నెలలకు. ఆఖరి పరీక్ష 18 నెలలకో, పాలు మాన్పించిన 3 నెలలకో, ఏది తర్వాత వస్తే అప్పుడు. అందాకా 6 వారాల నుంచి కోట్రిమోక్సజోల్ (వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే యాంటీబయోటిక్) సిరప్ కొనసాగుతుంది. మొదటి పీసీఆర్ నెగెటివ్ అనగానే ఈ కోట్రిమోక్సజోల్ ఆపేస్తుంటారు, తల్లిపాలు తాగే బిడ్డకు ఆ ఆఖరి పరీక్ష దాకా ఆపకూడదు.