అప్‌డేట్: ఎలెన్ టెర్రీ కార్డు ఆ కాలపు ప్రింటేనని తేలింది

షేక్‌స్పియర్ నాటకం ‘మెక్‌బెత్’లోని లేడీ మెక్‌బెత్ వేషంలో ఉన్న ఆంగ్ల రంగస్థల నటి ఎలెన్ టెర్రీ క్యాబినెట్ కార్డు (మందపాటి అట్టకు అతికించిన ఫోటో) విక్టోరియా కాలపుదా, తర్వాత అచ్చువేసిన నకలా అని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. భూతద్దంతో చూడమన్న సలహాయే ఫలించింది. నకళ్లలో కనిపించే అచ్చు చుక్కలు ఇందులో ఎక్కడా లేవు. పైగా నిగనిగలాడే పలుచని పొర కింద కాగితపు పీచు, ఆ పొరలో వెంట్రుకవాసి పగుళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పాత ఫోటోలను పరిరక్షించే నిపుణురాలు కూడా వీటినే చూపి, ఇది విక్టోరియా కాలంలో వాడుకలో ఉన్న, కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితంపై వేసే ఆల్బుమెన్ ప్రింటని, ముఖంపై తేలిన పసుపు ఛాయ ఆ పద్ధతికి సహజమేనని ధ్రువీకరించారు.

1888 డిసెంబరులో లండన్ లైసియం థియేటరులో మొదలైన ప్రదర్శనలోని దుస్తులివి. నిజమైన పెంకుపురుగుల రెక్కలు కుట్టిన ఆ గౌను మెరుపు ఈ గోధుమరంగు ప్రింటులోనూ తెలుస్తోంది. నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది అదే.

వెనుక పెన్సిలుతో రాసిన పేరు, అంచుల బంగారు పూత కాలనిర్ణయానికి పనికిరాలేదు. అతినీలలోహిత దీపం కింద కాగితం ఆధునిక కాగితంలా నీలంగా మెరవలేదు గానీ, దానితోనే వయసు తేలదని ఆ నిపుణురాలు స్పష్టం చేశారు. ఆల్బుమెన్ ప్రింట్లు వెలుతురుకు వెలిసిపోతాయి కనుక, కార్డును గోడకు తగిలించకుండా ఆమ్లరహిత కాగితపు కవరులో భద్రపరిచాను.