బీజీఎంఐ టీమ్‌కి మొదటి స్పాన్సర్: ఎవరిని అడగాలి, ఎంత అడగాలి, కాగితం మీద ఏం ఉండాలి?

బెజవాడ_స్క్వాడ్

అన్నలకి నమస్తే. మాది విజయవాడ బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే ఫోన్ గేమ్) టీమ్. నలుగురు ప్లేయర్లు, ఒక సబ్ (అదనపు ప్లేయర్). రోజూ రాత్రి స్క్రిమ్స్ (వేరే టీమ్‌లతో ప్రాక్టీస్ మ్యాచ్‌లు), వారానికి నాలుగు రోజులు యూట్యూబ్ లైవ్, మూడేసి గంటలు. ఛానెల్‌కి 6,200 మంది సబ్‌స్క్రైబర్లు, లైవ్‌లో సగటున 85 మంది ఉంటారు. ఓపెన్ క్వాలిఫయర్లలో రెండు మూడు రౌండ్లు దాటాం, లాన్ (అందరూ ఒకే వేదిక దగ్గర కూర్చుని ఆడే టోర్నమెంట్) ఇంకా ఆడలేదు. ఫోన్ కంపెనీలకి, కూల్‌డ్రింక్ కంపెనీలకి కలిపి నలభై మెయిళ్లు పెట్టాం, ఒక్కరూ పలకలేదు. ఇప్పుడు ఊళ్లో ఒక మొబైల్ షాపు వాళ్లు వచ్చి మాట్లాడమన్నారు. ఇంకోపక్క ఇన్‌స్టాలో ఒక "ప్రిడిక్షన్ యాప్" వాళ్లు నెలకి 40,000 ఇస్తామంటున్నారు. షాపు వాళ్లకి ఏం చూపించాలి, ఎంత అడగాలి, ఏం రాసుకోవాలి? మా సబ్‌కి 17 ఏళ్లు, దానివల్ల ఇబ్బంది ఉందా?

ఓరుగల్లు_ఐజీఎల్

తమ్మీ, ముందుగాల ఆ యాప్ ముచ్చట తేల్చుకో. డబ్బులు పెట్టి డబ్బులు గెలుచుకునేది ఏదైనా, దానికి ప్రిడిక్షన్ అని పేరు పెట్టినా ఫాంటసీ అని పెట్టినా, 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం లెక్కన మనీ గేమే. ఆ ఏడాది ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం అయింది. యాప్ నడిపేటోళ్లకే కాదు, దానికి ప్రచారం చేసేటోళ్లకు కూడా శిక్ష ఉన్నది; ప్రచారం చేసినందుకు 2 ఏండ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా రాసి ఉన్నది. ఆ చట్టం రాకముందే, 2025 మార్చిల, బెట్టింగ్ యాప్‌లకు ప్రమోషన్ చేసిన యూట్యూబర్ల మీద హైదరాబాద్‌ల పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లల కేసులు అయినయి. ఇదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను మనీ గేమ్స్ నుంచి విడదీసి ఆటగా గుర్తించింది. మనం ఏ వైపు నిలబడాలన్నది అక్కడనే తేలిపోయింది.

ఇంకో మాట. "కాంట్రాక్ట్ చూసుకోండి" అని పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైల్ గానీ, ఏదైనా సాఫ్ట్‌వేర్ గానీ పంపితే తెరవద్దు. బ్రౌజర్‌ల కుకీలు (మనం లాగిన్ అయి ఉన్నమని గుర్తుపెట్టుకునే ఫైళ్లు) ఎత్తుకపోతరు. దానికి ఓటీపీ కూడా అవసరం పడది, ఛానెల్ చేతులు మారిపోతది. ఒరిజినల్ కంపెనీ అయితే మామూలు పీడీఎఫ్ పంపుతది. రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్ అని మన దగ్గర డబ్బు అడిగేటోడు స్పాన్సర్ కానే కాదు.

బ్రాండ్_బడ్జెట్

నలభై మెయిళ్లకి జవాబు ఎందుకు రాలేదో ముందు చెప్తాను, ఎందుకంటే అదే తప్పు షాపులో చేస్తే అక్కడా ఇదే జరుగుతుంది.

ఐకూ లాంటి కంపెనీ సోల్ టీమ్ పేరు ముందు తన పేరు పెట్టుకుందంటే, ఆ టీమ్ మ్యాచ్‌లు లక్షల మంది చూస్తారు కాబట్టి. ఆ స్థాయి ఒప్పందాలు ఏజెన్సీల ద్వారా నడుస్తాయి, లాన్ ఫైనల్స్ దాకా వచ్చిన టీమ్‌లనే చూస్తాయి. "మా ఫ్రాగర్ కేడీ 4.2, మమ్మల్ని సపోర్ట్ చేయండి" అనే మెయిల్ (ఫ్రాగర్ అంటే ఎక్కువ కిల్స్ కొట్టే ప్లేయర్, కేడీ అంటే తాను చచ్చిన ఒక్కోసారికి ఎన్ని కిల్స్ అనే లెక్క) అక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఆట బాగా ఆడటం మీ పని, దానికి స్పాన్సర్ డబ్బివ్వడు. తన సరుకు కొనేవాళ్ల కళ్లకి తన పేరు కనబడటానికి ఇస్తాడు. మీ దగ్గర అలాంటి కళ్లు ఎన్ని, అవి ఏ ఊరివి? షాపు వాళ్లు రేపు అడిగేది ఇదే.

ఒక్క పేజీ పీడీఎఫ్ చేయండి, రెండు ఎంబీ దాటనివ్వకండి. డ్రైవ్ లింకు వద్దు, సగం సార్లు యాక్సెస్ అడుగుతుంది. పైన టీమ్ పేరు, లోగో, ఒక ఫోటో. దాని కింద గత 90 రోజుల లెక్క. సబ్‌స్క్రైబర్ల సంఖ్యకి పెద్ద అక్షరాలు వద్దు, దాన్ని ఎవరూ నమ్మరు. మీ లెక్క ఇలా రాయండి: సగటున 85 మంది, 3 గంటలు, నెలకి 16 లైవ్‌లు, అంటే 85×3×16 = 4,080 గంటల వీక్షణ. అది యూట్యూబ్ స్టూడియో స్క్రీన్‌షాట్‌తో సహా ఉండాలి. ఆ పక్కనే ఇన్‌స్టా ఇన్‌సైట్స్‌లో ఊళ్ల వారీగా, వయసుల వారీగా వచ్చే పేజీ పెట్టండి. మీ ఫాలోవర్లలో విజయవాడ, గుంటూరు వాళ్లు ఎక్కువ ఉంటే, బెజవాడ షాపుకి అది మీ కేడీ కంటే వంద రెట్లు విలువైన అంకె. ఫాలోవర్లని కొని ఉంటే మాత్రం ఈ పేజీలోనే దొరికిపోతారు. తెలుగు ఛానెల్‌కి సంబంధం లేని దేశాల జనం పైన కనబడతారు.

ఇక ఎంత అడగాలి. మీ ఖర్చు వైపు నుంచి లెక్క మొదలుపెట్టకండి, షాపు గల్లాపెట్టె వైపు నుంచి పెట్టండి. ఉదాహరణకి మీ టీమ్ పేరుతో పెట్టిన డిస్కౌంట్ కోడ్ చెప్పి నెలకి 12 మంది కవర్లు, ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు కొన్నారు, ఒక్కొక్కరి మీద షాపుకి 300 మిగిలింది అనుకుందాం. మొత్తం 3,600. అలాంటి చోట నెలకి 20,000 అడిగితే రెండో నెల కొనసాగించే దారే ఉండదు. మీ స్థాయికి నేనైతే మూడు నెలల ట్రయల్ అడుగుతాను: జెర్సీల ప్రింటింగ్ ఖర్చు, నెలకి 4,000 నుంచి 5,000 స్థిరంగా, దానిమీద కోడ్ వాడిన ప్రతి అమ్మకానికి ఇంత అని కమిషన్. డబ్బు చిన్నదే. కానీ మూడు నెలలు నడిచిన ఒప్పందం, చేతిలో రిపోర్టులు ఉన్న టీమ్‌ని నాలుగో నెలలో కేబుల్ నెట్ ఆపరేటర్, సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో పీసీ షాపు, కాలేజీ ఫెస్ట్ కమిటీ వేరే కంటితో చూస్తాయి.

బదులుగా ఏం ఇస్తారో లెక్కకట్టి రాయండి. "ప్రమోషన్ చేస్తాం" అంటే ఏమీ చెప్పనట్టే. 1920×1080 ఓవర్‌లే (లైవ్ వీడియో పైన పరిచే బొమ్మ పొర)లో లోగో 100 పిక్సెళ్ల ఎత్తు చాలు. కుడి పై మూల మినీ మ్యాప్ ఉంటుంది కాబట్టి అక్కడ వద్దు, కిల్ ఫీడ్ (ఎవరు ఎవరిని చంపారో చూపే వరస) మీదా పడకూడదు. పెట్టాక ల్యాప్‌టాప్‌లో కాదు, ఐదు వేల రూపాయల పాత ఫోన్‌లో 360పీ (తక్కువ క్వాలిటీ)లో చూడండి, అందులో పేరు చదవగలిగితేనే లోగో పనికొస్తుంది. గంటకోసారి నోటిమాట, పిన్ చేసిన కామెంట్, డిస్క్రిప్షన్ మొదటి రెండు లైన్లలో కోడ్ (మూడో లైన్ నుంచి మడతలోకి పోతుంది), నెలకి రెండు రీల్స్.

షాపు వాళ్లకి అన్నిటికంటే నచ్చేది ఇంకొకటి: నెలకో ఆదివారం సాయంత్రం షాపులోనే వేర్‌హౌస్ టీడీఎం (బీజీఎంఐలో చిన్న మ్యాప్ మీద ఆడే టీమ్ డెత్‌మ్యాచ్), వచ్చినవాళ్లతో 1 వర్సెస్ 1. జనం మెట్లెక్కి లోపలికి వస్తారు. ఎంట్రీ ఫీజు, ప్రైజ్‌మనీ పెడితే మాత్రం అది టోర్నమెంట్ అవుతుంది, ఆటని నడిపే కంపెనీ క్రాఫ్టన్ అనుమతి సంగతి వస్తుంది. సరదా మ్యాచ్‌ల దగ్గరే ఆపండి.

ప్రతి నెలా 3వ తేదీలోపు ఒక పేజీ రిపోర్టు: ఏ రోజు లైవ్, సగటు ఎంత, ఏ నిమిషంలో పేరు చెప్పారు, కోడ్ ఎన్నిసార్లు వాడారు. డబ్బు పడ్డాక రిపోర్టు మానేయడం, చిన్న టీమ్‌లు రెండో ఒప్పందం పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. అంకె తగ్గిన నెలలో కూడా పంపాలి.

పెద్ద బ్రాండ్లకి మళ్లీ రాసే రోజు వస్తే సమయం చూసుకోండి. దసరా, దీపావళి బడ్జెట్లు జులై, ఆగస్టుల్లోనే పంచేస్తారు. సెప్టెంబరు చివర్లో రాస్తే గిన్నె ఖాళీ.

కాగితం_కలం

పైన చెప్పినవి బాగున్నాయి. నేను ఒప్పందం గురించే రాస్తాను.

అన్నిటికంటే ముందు స్పాన్సర్‌కీ ఆర్గ్‌కీ తేడా కాగితంలోనే తేల్చండి. ఆర్గ్ (టీమ్‌లని నడిపే ఈ-స్పోర్ట్స్ సంస్థ) ప్లేయర్లకి జీతమిచ్చి సైన్ చేసుకుంటుంది, అందుకు ప్రైజ్‌మనీలో వాటా అడుగుతుంది. స్పాన్సర్ కొనేది లోగోకి చోటు మాత్రమే. షాపు ఇచ్చే కాగితంలో "ప్రైజ్‌మనీలో వాటా", "టీమ్ పేరు, ఛానెల్ మాకే చెందును", "ప్లేయర్లు వేరే టీమ్‌కి వెళ్లరాదు" అనే మూడింటిలో ఏది కనబడినా కొట్టేయమనండి. ఐదు వేలకి ఛానెల్ రాసిచ్చినట్టు అవుతుంది.

ఎక్స్‌క్లూజివ్ అన్న మాట ఉంటే దాని హద్దు రాయించండి. "విజయవాడలో వేరే మొబైల్ షాపుకి ప్రచారం చేయము" అన్నది న్యాయమే. "వేరే ఏ బ్రాండూ వద్దు" అన్నది మీ మెడకి ఉరి. దానితోపాటు "టోర్నమెంట్ నిర్వాహకుల నిబంధనలకు లోబడి" అని ఒక మాట తప్పక చేర్చండి. చాలా రూల్‌బుక్కుల్లో తమ స్పాన్సర్‌కి పోటీ అయిన లోగోని జెర్సీ మీద ఒప్పుకోరు, ప్లేయర్ల సొంత లైవ్‌ని ఆపుతారు, లేదా ఆలస్యంగా పెట్టమంటారు. ఆ రోజుల్లో లోగో చూపించలేదని షాపు డబ్బు కోయకూడదు.

చాలామంది మరిచిపోయే క్లాజు ఆట ఆగిపోవడం గురించి. పబ్‌జీ మొబైల్ 2020 సెప్టెంబరు 2న నిషేధంతో పోయింది. ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో. బీజీఎంఐని 2022 జులై 28న స్టోర్ల నుంచి తీసేస్తే మళ్లీ వచ్చింది 2023 మే నెలలో, అంటే దాదాపు పది నెలలు. కాబట్టి ఇలా రాసుకోండి:

"ప్రభుత్వ ఆదేశం వల్లగానీ ప్రచురణకర్త నిర్ణయం వల్లగానీ ఆట అందుబాటులో లేనిచో, టీమ్ అదే సంఖ్యలో లైవ్‌లను వేరే ఆటతో చేయును. అట్లు 30 రోజులు దాటినచో ఇరువురిలో ఎవరైనా 7 రోజుల నోటీసుతో ఒప్పందమును ముగించవచ్చును. అప్పటికి చేసిన పనికి సొమ్ము చెల్లించవలెను."

డబ్బు ప్రతి నెలా ఫలానా తేదీకి, మొదటి నెలది ముందే. రోస్టర్ (టీమ్‌లోని ప్లేయర్ల జాబితా) మారితే ఏం చేస్తారో కూడా ఒక లైను రాయండి. ఇద్దరు ప్లేయర్లు వెళ్లిపోతే షాపు తప్పుకోవచ్చు అన్నది ఇరుపక్షాలకీ సబబు.

సబ్ విషయం: 18 నిండని వాళ్లు చేసుకున్న ఒప్పందం మన చట్టం ప్రకారం చెల్లదు. ఆ అబ్బాయి పేరు మీద సంతకం పెట్టించకండి. 18 నిండిన నలుగురూ సంతకం చేయండి, అతని ఫోటో, పేరు వాడటానికి అమ్మానాన్నల్లో ఒకరి దగ్గర విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోండి. 18 లోపు ఖాతాకి ఆటలో రోజుకి 3 గంటల పరిమితి ఉంది, స్క్రిమ్స్ ఆడేసి రాత్రి లైవ్‌కి కూర్చుంటే మధ్యలో ఆగిపోతుంది. లైవ్‌ల సంఖ్య రాసేటప్పుడు అతన్ని లెక్కలో వేసుకోకండి.

చివరిగా, ఇది డబ్బు తీసుకున్న ప్రచారం అని చూసేవాళ్లకి తెలియాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం లైవ్‌లో ఆ మాట ఆద్యంతం స్పష్టంగా కనబడాలి. ఓవర్‌లేలో లోగో పక్కనే "ప్రకటన" అని రాసేస్తే సరిపోతుంది. ఫోన్ ఇచ్చినా, డిస్కౌంట్ ఇచ్చినా ఇదే వర్తిస్తుంది, నగదుకే కాదు.

బెజవాడ_స్క్వాడ్

చాలా థ్యాంక్స్ అన్నా, ముగ్గురికీ. యాప్ వాళ్లని బ్లాక్ చేశాం. షాపు ఓనర్ గారితో మాట్లాడాం. ఒకే ఒక్క వ్యక్తి నడుపుతున్న షాపు. మూడు నెలల ట్రయల్‌కి సరే అన్నారు గానీ నెల నెలా డబ్బు బదులు 32,000 ఫోన్ ఒకటి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? పన్ను ఏమైనా పడుతుందా?

గుంటూరు_ఆడిటర్

పడుతుంది బాబూ. ప్రచారానికి బదులుగా వచ్చిన వస్తువు కూడా ఆదాయమే. ఏడాదిలో ఒకరికి ఇచ్చిన వస్తువుల విలువ 20,000 దాటితే ఇచ్చేవాళ్లు 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) చూసుకోవాలి, ఈ నిబంధన 2022 జులై 1 నుంచి ఉంది. 32,000 మీద అది 3,200. వస్తువులోంచి పన్ను కోయలేరు కాబట్టి ముందు ఆ 3,200 మీరు కట్టాలి, లేదా వాళ్లే భరించాలి. పెద్ద కంపెనీతో చేసేటప్పుడు ఎవరు భరిస్తారో కాగితంలోనే రాయించండి. మీ కేసులో సొంత పేరు మీద నడిచే షాపు, కిందటి ఆర్థిక సంవత్సరంలో వ్యాపారం కోటి దాటకపోతే ఆయన టీడీఎస్ చూడనక్కర్లేదు. అయినా ఫోన్ ఎవరి పేరు మీద వస్తే వాళ్లు దాన్ని రిటర్న్‌లో చూపించాలి.

ఇంకో దారి ఉంది. వాడి తిరిగి ఇచ్చేస్తే అది మీకు వచ్చిన లాభం కిందకి రాదు. మూడు నెలలు వాడుకకి ఇచ్చినట్టు, ఫలానా తేదీన వాపసు చేసినట్టు ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు) నంబరుతో సహా రాసుకోండి.

నగదు ఇచ్చే వ్యాపారులు టీడీఎస్ కోస్తే ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద పడిందో లేదో చూసుకోండి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. జీఎస్టీ గురించి ఇప్పుడు ఆలోచించకండి, సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటే దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ప్రైజ్‌మనీ లెక్క వేరు, దాని మీద 30 శాతం పడుతుంది. రెండూ ఒకే ఖాతాలో కలిపేయకండి, మార్చిలో విడదీయడం కష్టం.

బ్రాండ్_బడ్జెట్

ఒక చిన్న సవరణ నా వైపు నుంచి. నలుగురికి ఒక్క ఫోన్ వస్తే అది ఎవరిదన్న గొడవ మూడో నెలలో మొదలవుతుంది. ఓనర్ గారిని ఫోన్ బదులు ఐదు జెర్సీలు, మూడు నెలల నెట్ బిల్లు అడిగి చూడండి. ఆయనకి ఖర్చు తగ్గుతుంది, ప్లేయర్ల ఒంటి మీద షాపు పేరు ఉంటుంది. జెర్సీ మీద బీజీఎంఐ అన్న పేరు, ఆట లోగో మాత్రం వేయించకండి, అవి క్రాఫ్టన్‌వి. మీ టీమ్ లోగో కూడా ఎవరైనా ఉచితంగా ఇచ్చిన మస్కట్ టెంప్లేట్ (పేరు మార్చి వాడుకునే రెడీమేడ్ బొమ్మ) అయితే ప్రింటింగ్‌కి ఇచ్చేముందు దాని లైసెన్స్ వ్యాపారానికి వాడుకోనిస్తుందో లేదో చూసుకోండి.